మహారాజశ్రీ పులి బొమ్మ చెద్దరు గారి సముఖమునకు

హన్మకొండ నుంచి తమ విధేయుడు రాసుకునేది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరు మాత్రం పెరట్లో దండెం మీద తడిసి ముద్దయి వేలాడుతున్నారు. అందుకే నాకీ ధైర్యం. ఒంటి మీద ఉన్నంతసేపూ తమరిని పల్లెత్తు మాట అనబుద్ధి కాదు.

ఎనిమిది చలికాలాలు ఒకే మంచం మీద గడిపినవాళ్లం. ఇంకా తమరేమిటి, నువ్వే అంటాను.

చలికాలం ఫొటోలు తీయడానికే నేను కెమెరా కొన్నానని నీకు తెలుసు. సెకండ్ హ్యాండ్‌దే, అయినా అమ్మకు చెప్పిన ధర వేరు. దీపావళి పటాకుల కాగితాలు వాకిట్లోంచి ఊడ్చేలోపే ఏటా నోట్‌బుక్ తీసి లిస్టు రాస్తాను. వేయిస్తంభాల గుడి, వరంగల్ ఖిలా తోరణాలు, రామప్ప గుడి, పాఖాల చెరువు, సెలవు దొరికితే ఆదిలాబాద్ దాకా. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందని పెద్దలు అంటారు. నా లిస్టు అంత దూరం కూడా రాదు, సంక్రాంతి సకినాలతోనే అయిపోతుంది. కారణం నువ్వు. తప్పంతా నాదేనని ఊరంతా అనుకుంటోంది.

ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవి సంగతే చూడు. 2012లో దాన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటి నుంచి పోదాం పోదాం అనుకుంటున్నాను. బయలుదేరాల్సిన ప్రతి తెల్లవారుజామునా కళ్లు తెరిస్తే ముక్కుకు జానెడు దూరంలో నీ మీది పులి, నారింజ రంగులో, నోరు తెరుచుకుని. ఇంతకంటే దగ్గరగా ఎవరు చూశారులే అని మళ్లీ కళ్లు మూసుకునేవాణ్ని. నా వైల్డ్‌లైఫ్ అనుభవం మొత్తం ఇంతే.

నీకు తోడు ఫోన్ ఒకటి. చలికాలం ఫొటోలకు స్ఫూర్తి కావాలని వెతికితే అన్నీ మంచు కొండలే. ఎర్రటి ఆకులు రాలే చెట్లు, గడ్డకట్టిన సరస్సు, దాని మీద ఎర్ర కోటు వేసుకున్న అమ్మాయి. ఆ బొమ్మలు చూసి నీ కింద నుంచే నిట్టూర్చేవాణ్ని, మన దగ్గర చలికాలం ఎక్కడుంది అని. ఆ ఫొటోలు పెట్టినవాళ్లు చెప్పిన చిట్కా ఒకటి పాటించాను కూడా. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా పెట్టుకోండి అన్నారు. బనియన్‌లో పెట్టుకుని పడుకున్నాను. అది మైనస్ డిగ్రీల దేశాల గోల అని తర్వాత అర్థమైంది. మన పదమూడు, పద్నాలుగు డిగ్రీలకు బ్యాటరీ చెక్కుచెదరదు, చార్జింగ్ దిగేది నాకే.

నువ్వు నా దగ్గర ఏం దాచావో ఈమధ్యే తెలిసింది. చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా మనకు నడినెత్తికి రాడు, ఆకాశంలో సగం ఎత్తు దాకా ఎక్కి దిగిపోతాడు. వెలుగు రోజంతా ఏటవాలుగా పడుతుంది. రాతి బొమ్మకు కావలసింది అదే. మే నెల ఎండలో రామప్పకు పోయి నల్లరాతి మదనికల, అదే ఆ నాట్యకత్తెల శిల్పాల, ఫొటోలు తెచ్చాను గుర్తుందా? పైన తెల్లటి ఆకాశం, కింద బొగ్గు ముద్దలు. అమ్మ చూసి, "కరెంటు పోయినప్పుడు తీసినవా?" అంది. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గుడి, నా చేతిలో అలా అయిపోయింది. చెవి కమ్మ, నడుము మీది గొలుసు, వేలి ఉంగరం విడివిడిగా కనిపించాలంటే వెలుగు పక్క నుంచి వచ్చి ప్రతి చెక్కుడులోనూ చిన్న నీడ వదలాలి. ఆ వెలుగు బాగా వాలి ఉండేది పొద్దున్నే, ఆ వేళకు ఇక్కడ బండి స్టార్ట్ చేసినా అరవై డెబ్బై కిలోమీటర్ల అవతలి గుడికి ఆలస్యంగానే చేరతాను. నేనేమో ఆ వేళకు రెండో నిద్రలో ఉంటాను.

వరంగల్‌లోనే పుట్టిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెలను, పల్లె ఆడవాళ్లను, బతుకమ్మను ఫొటోలు తీస్తూ జీవితం గడిపాడు. 2022లో కన్నుమూశాడు. ఆయనకు కావలసిన సరుకంతా ఈ చుట్టుపక్కలే దొరికింది. ఆయన ఇంట్లో కూడా చెద్దరు ఉండే ఉంటుంది కదా అన్న అనుమానం నాకు చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా నిన్ను ఇంకాస్త పైకి లాక్కున్నాను.

ఇక మొన్న శనివారం సంగతి. మధ్యాహ్నం అమ్మ నిన్ను చూసి ముక్కు మూసుకుంది. "గీ చెద్దరుల నీళ్లు ముట్టక ఎన్ని దినాలైంది రా?" అంది. దినాలు కాదమ్మా, ఏళ్లు అని నేను అనలేదు. ఆ సాయంత్రమే బకెట్‌లో మునిగావు. బరువెక్కి, నీళ్లు కారుతూ, పులి ముఖం వాచిపోయి, రాత్రికి ఆరలేదు. మిగిలింది కొత్తవాడ జంపఖానా ఒకటి. ఈ వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది, వాటి గొప్ప నేను కాదనను. కానీ అది కింద పరుచుకునేది. కప్పుకుంటే మెడ దగ్గర తలుపు మూసినట్టు ఉంటుంది.

తెల్లవారుజామున ఐదింటికి పళ్లు టకటకా కొట్టుకుంటుంటే లేచి కూర్చున్నాను. అంత పొద్దున ఇంట్లో ఏం చేయాలో తోచలేదు. కెమెరా మెడలో వేసుకుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పోయాను. దీన్నే స్ఫూర్తి అంటారు కాబోలు.

చెరువు లేదు! కట్ట ఉంది, మెట్లు ఉన్నాయి, చెరువు ఉండాల్సిన చోట తెల్లగా పాలు పొంగినట్టు ఉంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేల తన వేడంతా పైకి వదిలేస్తుంది, నీళ్ల పక్కన తడి గాలి చల్లబడి పొగమంచు అవుతుంది. ఎండ తగిలాక ఎక్కువసేపు ఉండదు. ఈ ముక్క నాకు పదో తరగతి నుంచీ తెలుసు. చూడటం మాత్రం అదే మొదలు.

గబగబా పది ఫొటోలు కొట్టాను. అన్నీ బూడిద రంగే. కెమెరాకు అంత తెలుపు కనిపిస్తే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ఉతికిన పంచెను మాసినట్టు చూపిస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే, అంటే వెలుగును రెట్టింపు రానిస్తే, మంచు మంచులా వచ్చింది. ఫోకస్ ఇంకో తలనొప్పి. పట్టుకోవడానికి గీత ఏదీ లేక లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది, చీకట్లో చెప్పులు వెతుక్కునే తాతలాగా. అప్పుడే తెలుపులోంచి ఒక నల్ల మచ్చ వచ్చింది. థర్మాకోల్ తెప్ప మీద వలలు తీసుకుంటున్న పెద్దాయన. ఫోకస్ ఆయన తలపాగా మీద టక్కున ఆగింది.

"ఫొటో తియ్యనా కాకా?"

"తియ్యి, జల్ది తియ్యి. చేతులు కొంకర్లు పోతున్నయ్." తీశాక అడిగాడు, "పొద్దుగాల గింత సలిల నీకేం పని బిడ్డా?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "మా చెద్దరు తడిసింది కాకా" అన్నాను.

ఆయన నవ్వి వల లాగాడు. "మా చెద్దరు పొడిగనే ఉంది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గర ఉంటే చెప్పు.

కట్ట మీద ఇంకా చాలామంది ఉన్నారు. మంకీ క్యాపుల్లో నడిచేవాళ్లు, ఎండుటాకులు పోగేసి చలి కాచుకుంటున్న ఊడ్చే అక్కలు, క్యాన్లు కట్టుకుని పోయే పాలబ్బాయి. ఇంతమంది నాకు తెలియకుండా ఎనిమిదేళ్లుగా రోజూ ఒక చలికాలం నడుపుతున్నారన్నమాట. చలిమంట దగ్గర అక్కలు నన్నూ పిలిచి చోటిచ్చారు. నిజం చెప్పాలంటే అక్కడి వెచ్చదనం నీకంటే బాగుంది. నొచ్చుకుంటే నొచ్చుకో.

ఏడున్నరకు పొగమంచు దుకాణం కట్టేసింది. ఇంటికొచ్చి చల్లటి కెమెరాను నేరుగా వంటింట్లోకి తీసుకుపోయాను, అక్కడ నీళ్లు మరుగుతున్నాయి. లెన్సు మీద ఆవిరి కమ్మేసింది. బ్యాగులోనే ఉంచి, మెల్లగా వేడెక్కాక తీయాలట. అమ్మ కొంగుతో తుడవబోయింది, అడ్డుపడ్డాను. లెన్సు ఆరేదాకా పెరట్లోకి పోయి నిలబడితే, నువ్వు. ఏటవాలు ఎండ నీ వెనక నుంచి పడి పులి చారలన్నీ వెలిగిపోతున్నాయి, ఒంటినిండా సన్నగా ఆవిరి లేస్తోంది. ఆ ఉదయం తీసిన నూట పన్నెండు ఫొటోల్లో అందరూ మెచ్చుకున్నది అదే. "కవ్వాల్ ఎప్పుడు పోయినవ్ రా?" అని బాబాయి ఫోన్ కూడా చేశాడు.

ఇంకొక్క ముక్క, పాత స్నేహం కొద్దీ చెబుతున్నాను. నేను పొద్దున్నే లేచిన రహస్యం అమ్మ కనిపెట్టింది. ఇకపై ప్రతి శనివారం నిన్ను ఉతుకుతుందట. నిన్న కిరాణా కొట్టు నుంచి సర్ఫ్ పెద్ద ప్యాకెట్ తెచ్చింది, నాలుగు కిలోలది.

ఇట్లు,
జంపఖానా కింద వణుకుతున్న
తమ విధేయుడు