ఆరు వారాల చట్టం

(1984 జనవరి 6న ఆంధ్రప్రదేశ్‌లో ఊరి భూమి లెక్కలు, పన్ను వసూళ్ళు చూసే కరణం, మునసబు, పట్వారీ, పటేలు ఉద్యోగాలు ఒకే ఆర్డినెన్సుతో, అంటే శాసనసభ కూడనప్పుడు గవర్నరు జారీ చేసే తాత్కాలిక చట్టంతో, రద్దయ్యాయి. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు. సభను పిలవకుండా ప్రభుత్వం చట్టం చేయవచ్చా అన్నది ఇక్కడి వాదం. మామయ్య రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలు వకీలు.)

మామయ్య: అడంగలు, అంటే పొలాల లెక్కల పుస్తకం, కరణం ఇంట్లో దస్త్రంలో ఉండేదమ్మా. తన పొలం ఎవరి పేరున రాశారో తెలుసుకోవాలంటే రైతు ఆ అరుగు ముందు నిలబడాలి. వంశపారంపర్య హక్కు చెల్లదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పినా, ఊళ్ళో తండ్రి తర్వాత కొడుకే. తరాల పట్టు ఒక్కరోజులో వదిలింది. చర్చలంటూ కూర్చుంటే వదిలేదా?

మేనకోడలు: ఆ వ్యవస్థ పోవాల్సిందే మామయ్యా, అందులో పేచీ లేదు. పోయిన దారి గురించే నా బాధ. రాజ్యాంగం 213వ అధికరణం గవర్నరుకిచ్చింది అత్యవసర అధికారం. సభ తిరిగి కూడిన ఆరు వారాలకు ఆర్డినెన్సు దానంతటదే పోవాలి. ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి జారీ చేస్తూ వెళ్ళారు. అసలు చట్టం వచ్చింది 1985లో.

మామయ్య: సుప్రీంకోర్టు ఒప్పుకుందిగా! టి. వెంకటరెడ్డి కేసులో, 1985లోనే. ఆర్డినెన్సు ముగిసినా రద్దయిన ఉద్యోగాలు తిరిగి బతకవంది.

మేనకోడలు: ఒప్పుకుంది. ఆ మాట ఎంత దూరం పోయిందో చూడండి. బీహార్‌లో 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులను మళ్ళీ మళ్ళీ జారీ చేసి బతికించారు. కొన్ని 14 ఏళ్ళు నడిచాయి. పుణెలో పరిశోధకుడు డి.సి. వాధ్వా ఆ లెక్క తీసి సుప్రీంకోర్టుకెళ్ళారు. ఇది రాజ్యాంగానికి ద్రోహమని 1986 డిసెంబరులో తీర్పొచ్చింది.

మామయ్య: అది బీహార్ జబ్బు. మందు అతిగా మింగినవాణ్ణి చూసి మందే వద్దంటావా? బ్రెజిల్ సంగతి చూడు. అక్కడి రాజ్యాంగం అధ్యక్షుడికి తాత్కాలిక చట్టాల అధికారమిచ్చింది. 1994లో కొత్త కరెన్సీ రియాల్ వచ్చింది దానితోనే. ధరలు రోజురోజుకీ పెరుగుతున్న దేశం అలా ఊపిరి పీల్చుకుంది. పార్లమెంటు బేరాలు తేలేదాకా ఆగి ఉంటే?

మేనకోడలు: బ్రెజిల్ మంచి ఉదాహరణే. అక్కడా 30 రోజుల గడువు దాటాక మళ్ళీ మళ్ళీ జారీ చేయడం అలవాటైంది. అందుకే 2001లో రాజ్యాంగాన్నే సవరించారు. 60 రోజులు, ఒక్కసారి పొడిగింపు. తోసిపుచ్చినదాన్ని, గడువు తీరినదాన్ని అదే సమావేశాల కాలంలో మళ్ళీ తేకూడదు. ఇటలీలో 1996లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తలుపు మూసింది. మనం 213లో అలాంటి వాక్యం చేర్చలేదు.

మామయ్య: వాక్యం చేర్చితే అధికారి చేతులు కట్టేసినట్టే. తుపాను వస్తుంది, కరువొస్తుంది...

మేనకోడలు: మొదటి ఆర్డినెన్సు ఉంటుంది కదా! రెండోదే వద్దంటున్నా. దెబ్బ ఎవరికి తగులుతుందో వినండి. 1989లో బీహార్ ఆర్డినెన్సుతో 429 సంస్కృత పాఠశాలలను ప్రభుత్వం తీసుకుంది. ఆ పంతుళ్ళు ప్రభుత్వోద్యోగులమనుకున్నారు. వరసగా వచ్చిన ఆర్డినెన్సుల్లో ఒక్కటీ సభ ముందుకు పోలేదు. 1992లో చివరిది ముగిసింది. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే, 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి హక్కు పుట్టలేదని తేల్చింది. అప్పటిదాకా ఇచ్చిన జీతం మాత్రం వెనక్కి అడగొద్దంది. మీరు చెప్పిన వెంకటరెడ్డి తీర్పులోని తర్కమూ ఆ రోజే పోయింది.

మామయ్య: (కాసేపాగి) ఆ పంతుళ్ళ సంగతి నాకు తెలియదు.

మేనకోడలు: 1984లో సభలో రామారావు పార్టీవాళ్ళు 200 మందికి పైనే. ఎగువ సభ అయిన శాసన మండలి అడ్డుకున్నా ఆపగలిగింది కొన్ని నెలలే. బిల్లు పెడితే నెగ్గేది కాదా?

మామయ్య: నెగ్గేది. కానీ ఆ నెలల్లో దస్త్రాలు ఎన్ని మాయమయ్యేవో నువ్వు చూడలేదమ్మా. ఆ భయం నిజమైనదే.

మేనకోడలు: అందుకే మొదటిది ఒప్పుకుంటా. దస్త్రాలు చేతికొచ్చాక రెండోది దేనికి?

మామయ్య: దానికి నా దగ్గర జవాబు లేదు.