ప్లాటినానికి లేజర్ ఎందుకు?

(తిరుపతి, ఎస్వీ యూనివర్సిటీ బయట టీ కొట్టు. ఒకరు ఫ్యాక్టరీలో కేటలిస్టులు, అంటే రసాయన చర్యల్ని వేగంగా జరిపించే పదార్థాలు, చేసి రిటైరైన సార్, ఇంకొకరు వాటినే లేజర్‌తో చేయడం మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి.)

సార్: అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్) ప్లాటినం ఉండే క్లోరోప్లాటినిక్ యాసిడ్‌లో నానబెట్టు, ఆరబెట్టు, కాల్చు, హైడ్రోజన్ పంపి రెడ్యూస్ చెయ్యి, దాని మీద ప్లాటినం మెటల్ మిగులుతుంది. టన్నుల్లెక్కన తీశాం. లేజర్ దేనికమ్మా?

అమ్మాయి: క్లోరిన్ మిగిలిపోతుంది కదా సార్.

సార్: నాఫ్తాను మంచి పెట్రోల్‌గా మార్చే రిఫార్మింగ్‌లో ఆ క్లోరిన్ మేం కావాలనే ఉంచుతాం!

అమ్మాయి: సరే, అక్కడ మీదే కరెక్టు. బంగారం సంగతి చూడండి, అక్కడ క్లోరిన్ ఉంటే కణాలు కలిసిపోయి పెద్దవవుతాయి. పోనీ ముందే కణాలు చేసుకుందామంటే, అవి అతుక్కోకుండా పీవీపీ అనే పాలిమర్ వేయాలి, అది మెటల్‌ను కప్పేస్తుంది, దాన్ని కాల్చి తీసేద్దామంటే 2, 3 నానోమీటర్ల కణాలు మళ్లీ కలిసిపోతాయి. అదే నీళ్లలో బంగారు రేకు పెట్టి లేజర్ పల్సులు కొడితే, టక్ టక్‌మని చప్పుడు, రేకు మీద చిన్న మెరుపు, కాసేపటికి బీకరంతా దానిమ్మ రసం రంగు. పాలిమర్ లేదు, యాసిడ్ లేదు. అందులో టైటానియా (టైటానియం ఆక్సైడ్) పొడి కలిపితే కణాలు వెళ్లి దాని మీద కూర్చుంటాయి. సైజు ఒకసారి, లోడింగ్, అంటే మెటల్ శాతం, ఒకసారి, దేనికది విడిగా సెట్ చేసుకోవచ్చు. మీ నానబెట్టే పద్ధతిలో అది కుదురుతుందా?

సార్: కుదరదు. కానీ బీకరంటున్నావే! మామూలు ల్యాబ్ లేజర్‌తో గంటకు మిల్లీగ్రాములే కదా.

అమ్మాయి: 2016లో జర్మనీలో 500 వాట్ల లేజర్‌తో గంటకు 4 గ్రాముల దాకా ప్లాటినం తీశారు సార్. 1 శాతం లోడింగ్ అంటే 400 గ్రాముల కేటలిస్టు.

సార్: ఆ లేజర్ ఖరీదుకు ఎన్ని ఫర్నేసులొస్తాయో లెక్కేశావా? అయినా కొండకే ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, ఇంక బండి పొగను శుభ్రం చేసే కేటలిస్టు కన్వర్టర్లెవరికి?

అమ్మాయి: ఊళ్లో బైకులన్నీ ఏంటి సార్ మరి? 2020 నుంచి బీఎస్6 పొగ నిబంధనలు, వాటికీ కన్వర్టర్ కావాలి.

సార్: అవీ ఎలక్ట్రిక్ అవుతాయి.

అమ్మాయి: అవనీండి. హైడ్రోజన్‌తో కరెంటు చేసే వాహనాల ఫ్యూయల్ సెల్‌కు ప్లాటినం కావాలి, నీటి నుంచి హైడ్రోజన్ తీసే కొన్ని రకాల ఎలక్ట్రోలైజర్లకు ఇరిడియం కావాలి. ఉన్న ప్రతి గ్రాముతోనూ ఎక్కువ పని చేయించుకోవాల్సిందే. అసలు లేజర్‌ను మెటల్ మీదే కొట్టక్కర్లేదు, టైటానియా పొడి మీద కొట్టినా చాలు, కొంత ఆక్సిజన్ ఊడి ఖాళీలేర్పడతాయి, మెటల్ అక్కడ గట్టిగా పట్టుకుంటుంది.

సార్: గాలిలో వేడిచేస్తే ఆ ఖాళీలు మళ్లీ నిండిపోతాయమ్మా.

అమ్మాయి: అందుకే మెటల్‌ను ముందు కూర్చోబెట్టాలి.

సార్: ఫర్నేసులో 100 గంటలు పెట్టి చూపించు, అప్పుడు ఒప్పుకుంటా.

అమ్మాయి: పెడతా. పక్కనే మీ పద్ధతిలో చేసిందీ పెడదాం, ప్లాటినం శాతం రెండింట్లో ఒకటే ఉండాలి. మీ శాంపిల్ మీరే చేసివ్వండి సార్.