ఆదివారం ఖాళీగా ఉంచండి

చలికాలం వచ్చిందంటే షార్జాలో మా హాల్లో పరుపులు పరిచే ఉంటాయి. నవంబరు నుంచి మార్చి దాకా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. జగిత్యాల నుంచి వచ్చేవాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు, అమెరికా నుంచి ఊరికి పోతూ దారిలో మూడు రోజులు దిగేవాళ్లు. టికెట్ తీసుకోగానే అందరూ ఫోన్ చేసి అనేది ఒకటే మాట: "ఏమేం చూడాలో నువ్వే ప్లాన్ వెయ్యి." ఈ పత్రిక చదివే చాలామంది ఇళ్లల్లో ఇదే జరుగుతుందని నాకు తెలుసు. అందుకే మీతోనే చెబుతున్నాను. మనం వేసే ప్లాన్ సరిగ్గా లేదు.

నా ప్లాన్ ఏళ్ల తరబడి మారలేదు. మొదటి రోజు బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్, ఫౌంటెన్. రెండో రోజు ఎడారి సఫారీ. మూడో రోజు అబుదాబిలో షేక్ జాయెద్ మసీదు, దానికి తోడు 2024లో తెరిచిన స్వామినారాయణ్ మందిరం. నాలుగో రోజు దేరా గోల్డ్ సూక్, అంటే బంగారం బజారు, రాత్రికి లగేజీ తూకం. వీటిలో ఏదీ చూడొద్దని నేననను. 828 మీటర్ల ఎత్తు కట్టడాన్ని కింద నిలబడి తలెత్తి చూడటం పిల్లలకు జన్మంతా గుర్తుంటుంది. ఆ మసీదు పాలరాతి ముంగిట్లో సాయంత్రం పూట నడిస్తే మనసు నెమ్మదిస్తుంది. కానీ ఈ నాలుగు రోజుల్లో మనవాళ్లకు మనిషన్నవాడు కనబడటం లేదు.

పోయిన జనవరిలో సంక్రాంతి వెళ్లాక పెద్దమ్మ, పెద్దబాపు వచ్చారు. ఇద్దరికీ అది మొదటి విమానం. ఇంట్లో అడుగుపెట్టి మంచినీళ్లు తాగకముందే పెద్దమ్మ సంచిలోంచి ఒక పొట్లం తీసింది. "మన ఎనుక ఇంటి పిలగాడు ఈడనే ఉంటడట గదా బిడ్డా. వాళ్లమ్మ సకినాలిచ్చింది. ఎప్పుడు పోదాం?"

"పోదాం పెద్దమ్మా, రేపు బుర్జ్ ఖలీఫాకు టైం బుక్ అయింది" అన్నాను.

124వ అంతస్తులో అద్దం దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటే పెద్దమ్మ ఎటో చూస్తోంది. "ఆ పిలగాని క్యాంపు ఈడికెళ్లి కనబడ్తదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కూలి పనివాళ్లు ఉండే ఆ క్యాంపు దుబాయ్‌లోని సోనాపూర్‌లో ఉంది. మ్యాపులో ముహైస్నా అని ఉంటుంది. మా ఇంటి నుంచి కారులో ఇరవై నిమిషాలు. ఆదివారం మేం సఫారీకి వెళ్లాం. సోమవారం అబుదాబి. మంగళవారం ఎయిర్‌పోర్టులో చెకిన్ లైన్లో నిలబడి పెద్దమ్మ ఆ పొట్లం నా చేతిలో పెట్టింది. "నువ్వన్న ఇయ్యి బిడ్డా."

తర్వాతి ఆదివారం తీసుకెళ్లి ఇచ్చాను. క్యాంపు గేటు బయట, చాయ్ దుకాణం ముందు. ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. షట్టరింగ్ పని. మాటల్లో తెలిసింది. ముందటి ఆదివారం కూడా పొద్దున్నుంచి తయారై కూర్చున్నాడట. పెద్దమ్మ వాళ్లు వస్తున్నారని వాళ్లమ్మ ఫోన్లో చెప్పిందట. ఆ పూట మేం ఇసుక తిన్నెల మీద జీపులో కేకలు పెడుతున్నాం. ఏడాది కావస్తున్నా ఆ సంగతి నా మనసులోంచి పోవడం లేదు.

మా దిక్కు "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అంటారు. బతుకుదెరువుకు ఉన్న మూడు దారులవి. ఎవరు కువైట్ పోయినా, ఖతార్ పోయినా ఊళ్లో మాత్రం "దుబాయి పోయిండు" అనే అంటారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో ఈ మాట లేని ఇల్లు తక్కువ. అట్లాంటి ఊరి నుంచి మనిషి దుబాయ్ వచ్చి, దుబాయి పోయినవాణ్ని చూడకుండా తిరిగి పోతున్నాడంటే ఆ ప్లాన్ వేసింది మనమే.

పాత ఊరు చూపించకపోవడం ఇంకో తప్పు. చాలామందికి దుబాయ్ అంటే 2000 తర్వాత ఇసుకలోంచి లేచిన అద్దాల ఊరు. దేరాకూ బర్ దుబాయ్‌కూ నడుమ ఉన్న ఉప్పుటేరు, మనం క్రీక్ అనేది, అదే ఈ ఊరికి తల్లి. అబ్రా పడవ ఎక్కితే ఒక్క దిర్హమ్. నీళ్ల మీద గాలి, పక్కన సరుకు పడవలు, ఎదురుగా ముసలి తాత ఒడిలో కూరగాయల సంచి. అవతలి ఒడ్డున అల్ ఫహీదీ గల్లీల్లో పగడపు రాళ్లతో కట్టిన పాత ఇళ్లున్నాయి. కరెంటు లేని రోజుల్లో గాలిని కిందికి లాగి గదులు చల్లబరిచిన గోపురాలు వాటి మీద నిలబడే ఉన్నాయి. పెద్దబాపు లాంటి రైతుకు మాల్లో మంచు స్లోప్ కన్నా ఆ గాలి గోపురం పనితనమే నచ్చుతుంది. నాకు ఆ నమ్మకం ఉంది.

అక్కడ చెప్పడానికి కథలు కూడా ఉన్నాయి. 1966 దాకా ఈ ఊళ్లో నడిచింది మన రూపాయే. గల్ఫ్ కోసమే 1959లో మన రిజర్వ్ బ్యాంక్ వేరే నోట్లు అచ్చేసింది. ఇక ముత్యాల సంగతి. హైదరాబాద్ పత్తర్‌గట్టిలో మన అమ్మమ్మలు బేరమాడిన బస్రా ముత్యాలు, నిజాం నగల్లోని ఏడు పేటల హారం ముత్యాలు, ఈ గల్ఫ్ నీళ్లలో పుట్టినవే. ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, బరువుకు రాయి కట్టుకొని, ఎండాకాలం నెలల తరబడి మనుషులు సముద్రం అడుగుకు దిగి తెచ్చేవాళ్లు. పడవ యజమాని దగ్గర ముందే అప్పు తీసుకొని ఎక్కేవాళ్లు. అప్పు తీరకపోతే వచ్చే సీజన్‌కు మళ్లీ దిగాల్సిందే. ఒక్కోసారి ఆ అప్పు కొడుకు నెత్తిన పడేది. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి ఆ వ్యాపారం కూలింది. చాయ్ తాగుతూ పిలగాడు తన లెక్క చెబుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు. మూడేళ్లయింది. ఇంకా కొంత ఉంది.

వచ్చేవాళ్లకు ముందే చెప్పాల్సినవి కొన్ని. అమెరికా వాళ్లు పిల్లల సెలవులని జూన్, జులైల్లో దిగుతారు. వద్దనండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టమే ఉంది. అలాంటి ఎండలో పసిపిల్లలతో తిరగడం ఏం సెలవు? గసగసాలు మాత్రం పొరపాటున కూడా తేవొద్దని గట్టిగా చెప్పండి. మనకది మసాలా దినుసు, ఇక్కడ నిషేధించిన వస్తువు. అత్తమ్మలు కట్టిచ్చే పొట్లాల్లో ఎక్కడో ఉంటుంది, అడిగి తీయించండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తేకూడదు. బుర్జ్ ఖలీఫా పైకి పొద్దున పూట టికెట్ తీసుకోండి, పొద్దుగూకే వేళకైతే ధర పెరుగుతుంది.

"సెలవుకు వచ్చినవాళ్లను క్యాంపుకు తీసుకుపోయి బాధపెట్టడం ఎందుకు?" అని ఒక స్నేహితురాలు అంది. క్యాంపు చూపించమని నేననడం లేదు. ఆ గది చూపించుకోవడం వాళ్లకూ ఇష్టముండదు, చాలా చోట్ల లోపలికి రానివ్వరు కూడా. ఫోన్లు పట్టుకొని పోయి ఫొటోలు తీయడమైతే అసలే వద్దు. ఊరి మనిషిని ఊరి మనిషి చూడటానికి పోవడం ఇది. వారం ముందే ఫోన్ చేసి అడగండి. చాలామందికి ఆదివారం సెలవు, కొందరికి అదీ ఉండదు. బట్టలుతుక్కోవడం, వంట, ఇంటికి ఫోన్, అన్నీ ఆ ఒక్క రోజే. కాబట్టి వాళ్లకు వీలైన టైం మనది కావాలి. బయట ఎక్కడైనా కలవండి, కలిసి అన్నం తినండి. ఊళ్లో ఆ అమ్మకు వీడియో కాల్ చేయించండి, పక్కన మన ఊరి మొహం ఒకటి కనబడితే ఆమెకెంత ధైర్యమో.

ఈ డిసెంబరులో డల్లాస్ నుంచి మా చిన్నాన్న కూతురు పిల్లలిద్దరితో వస్తోంది. ఆదివారం పొద్దున తిరుగు ఫ్లైట్ ఉంటే సోమవారానికి మార్చుకోమన్నాను, మార్చుకుంది. పిలగాడికి ఫోన్ చేసి, ఆ రోజు మాతో పాత దుబాయ్ వస్తావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అక్కా, నేను ఇంతవరకు అబ్రా ఎక్కలె" అన్నాడు. మొత్తం ఆరుగురం అవుతాం. పడవ డబ్బులు, ఆరు దిర్హమ్‌లు, తనే ఇస్తాడట.