ఎడమ లైటుపై ఏకసభ్య కమిషన్

మిర్చి సీజన్లో రాత్రిపూట వరంగల్ ఎనుమాముల మార్కెట్ దిక్కు బండి నడిపినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎదురుగా ఒక్క లైటు వస్తుంటే అది బైకా, ఒక లైటు పోయిన కారా, లైటు లేని వైపు మూడడుగులు రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన ట్రాక్టరా అని తేల్చుకునేలోపే అది మనల్ని దాటిపోతుంది. ఇంత అలవాటున్న ఊళ్లో ఒక లైటు పోయిందని కారును షెడ్డుకు తీసుకుపోవడం దుబారా. కానీ మా అల్లుడు నలుగురి ముందు "మామా, ఒంటిలైటుతో తిరుగుతున్నవ్" అన్నాడు. పరువు సమస్య వస్తే మన దగ్గర ఏం చేస్తారు? కమిషన్ వేస్తారు. వేశాను. చైర్మన్ నేనే, సభ్యుడిని నేనే, ఫోన్ టార్చ్ పట్టుకునేది మా చిన్నోడు.

కేసు చిన్నదే. ఎడమ లైటు దగ్గరి రోడ్డు చూపే లోబీమ్‌లో వెలగదు, దూరం చూపే హైబీమ్ కొడితే మాత్రం ధగధగా వెలుగుతుంది. అంటే బ్యాటరీకి, ఎర్త్‌కు ఏ పాపం తెలియదు. బల్బులో వెలిగే రెండు తీగల్లో, అంటే ఫిలమెంట్లలో, లోబీమ్‌ది తెగి ఉండాలి, లేదంటే ఆ వైపు లోబీమ్ ఫ్యూజు పోయి ఉండాలి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలయ్యాయి.

ముందు ఫ్యూజును పిలిపించాం. ఎర్రటి 10 ఆంప్ ఫ్యూజు, నా కారులో ఎడమకొకటి, కుడికొకటి. వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి తీగ చెక్కుచెదరలేదు. అయినా నమ్మక కుడిదాంతో మార్చి చూశాను. నిర్దోషి.

ఇక బల్బు. ఆ సందు చూస్తే బల్బును ముందు నిలబెట్టి దాని చుట్టూ కారు కట్టారేమో అనిపిస్తుంది. బ్యాటరీకి, లైటుకు మధ్య నా చెయ్యి మణికట్టు దాకా పోయింది, అక్కడ గడియారం ఇరుక్కుంది. కళ్లతో చూసే వీల్లేదు, తడిమి పట్టుకోవాలి. మొదట బల్బు మూడు కాళ్లకు వైర్లను కలిపే ప్లగ్గు, అదే కప్లర్, దాని కింద రబ్బరు టోపీ, ఆ కింద తీగ క్లిప్పు. ఆ క్లిప్పును కొంచెం నొక్కి పక్కకు జరపాలి, నేను బాగా నొక్కాను, అది ఎగిరి బంపర్లో ఎక్కడో పడి టంగుమంది. చిన్నోడు నవ్వాడు, వాడిని విధుల నుంచి తప్పించాను. హాలోజన్ గాజును ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటుకున్నచోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. అందుకని చేతికందిన తెల్లబట్టతో పట్టుకున్నాను. అది సకినాలు పోసే బట్ట అని మధ్యాహ్నం అన్నం దగ్గర తెలిసింది.

ఆ బల్బును కుడివైపు పెడితే లోబీమ్, హైబీమ్ రెండూ వెలిగాయి. బల్బు కూడా నిర్దోషి!

అప్పటికి వాకిట్లో సాక్షులు పోగయ్యారు. కిరాణం తమ్ముడు "ఎల్‌ఈడీ వేసెయ్యన్నా, చీకటన్నదే ఉండది" అన్నాడు. నిజమే, మనకు చీకటి ఉండదు, ఎదుటోడికి కళ్లు ఉండవు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్లో వీధి చివర దొరికే ఎల్‌ఈడీ పెడితే వెలుతురు రోడ్డు మీద పడకుండా అటూఇటూ చెదిరి, వచ్చేవాడి మొహం మీదికి పోతుంది. హంటర్ రోడ్డు మీద రాత్రి ఎదురొచ్చే సగం మంది నాకు ఇప్పటికే ఈ సేవ చేస్తున్నారు.

మీటరు తెచ్చి కప్లర్‌కు పెట్టాను. 12.4 వోల్టులు! కరెంటు వస్తోంది, బల్బు మంచిదే, ఫ్యూజు మంచిదే, లైటు మాత్రం వెలగదు. కాగితాల మీద ఉండి బిందెలోకి రాని నల్లా నీళ్లు గుర్తొచ్చాయి. అరుగు మీద నుంచి అంతా చూస్తున్న రిటైర్డ్ లైన్‌మన్ కాక అప్పుడు లేచాడు. "ఉత్తగ పెడితే మీటరు అన్నీ చూపెడ్తది బిడ్డా. లోడు పడ్డంక చూడు" అన్నాడు. బల్బు తగిలించి, కప్లర్ వెనక నుంచి మీటరు ముల్లు పెట్టి చూస్తే 3 వోల్టులు కూడా లేవు. కాక కప్లర్ పీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మాడింది" అన్నాడు. లోబీమ్ కాలు దూరే రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ బెల్లం పాకంలా కరిగి గడ్డకట్టింది, లోపలి ఇత్తడి రేకు నల్లబడింది.

"ఇండ్ల పెద్ద బల్బేమన్న ఏసినవా?"

కమిషన్ కాసేపు నీళ్లు నమిలింది. 2024 మేడారం జాతరకు పోయేటప్పుడు, పస్రా దాటినంక అడవిలో పనికొస్తాయని 60/55 వాట్ల (మొదటి అంకె హైబీమ్‌ది, రెండోది లోబీమ్‌ది) బల్బులు తీసి 100/90వి వేసిన మాట వాస్తవం. లోబీమ్‌లో నాలుగున్నర ఆంపులు పోవాల్సిన దారిలో ఏడున్నర పోయాయి. కరెంటు ఇలా 1.6 రెట్లు దాటితే, అతుకు దగ్గర పుట్టే వేడి దాని వర్గం లెక్కన రెండున్నర రెట్లు దాటుతుంది. ఫ్యూజు పది దాకా ఓర్చుకుంటుంది కాబట్టి నోరు మెదపలేదు. ఆ బల్బులు పోయి మామూలువి వేసి ఏడాది దాటినా, కప్లర్‌కు పట్టిన రోగం లోలోపలే ముదిరింది.

మాడిన కప్లర్ బదులు 120 రూపాయలు పెట్టి సిరామిక్ హోల్డర్ తెచ్చాను. కాక పాత వైరును మాడిన మేర కత్తిరించి కలిపాడు. లైటు వెలిగింది. దోషి ఎవరన్నది ఇంట్లో చదివి వినిపించకుండా, "వైరింగులో సాంకేతిక లోపం" అని నివేదిక రాసుకున్నాను.

కాక పోతూపోతూ ఆగాడు. "ఆ బల్బు కుడిదిక్కు గూడ ఏసినవు గదా, అది గూడ ఇప్పి చూద్దామా?"

కుడి లైటు ఈ కమిషన్ పరిధిలోకి రాదని చెప్పి బానెట్ మూసేశాను.