సవరణ: మూతపడింది బ్లూ బుక్, దర్యాప్తు కాదు

హన్మకొండలో మా మేడ మీంచి తీసిన వెలుగుల వీడియో కింద మొన్న ‘అమెరికా వాయుసేన 1969లోనే యూఎఫ్ఓల (ఆకాశంలో కనిపించే, ఏమిటో తెలియని వస్తువుల) ఫైలు మూసేసింది’ అని రాశాను కదా, అది సగం సంగతే. అప్పుడు ఆపింది ప్రాజెక్ట్ బ్లూ బుక్‌ని, అంటే యూఎఫ్ఓ రిపోర్టులను పరిశీలించడానికి వాయుసేన నడిపిన కార్యక్రమాన్ని. 1947 నుంచి వచ్చిన 12,618 రిపోర్టుల్లో 701 చివరిదాకా తేలలేదు (తేలలేదంటే గ్రహాంతరవాసులని కాదు, కాస్త ఆగండి). 2019లో అక్కడి నేవీ, పైలట్లు ఇలాంటివి చూస్తే ఎలా రిపోర్ట్ చేయాలో కొత్తగా రూల్స్ రాసుకుంది, 2022లో పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) ఇలాంటివాటిని పరిశీలించడానికి ‘ఆరో’ (AARO) అని ఓ ఆఫీసే తెరిచింది, ఆకాశంతో పాటు సముద్రం, అంతరిక్షం కూడా దాని పరిధిలోనివే. గ్రహాంతర టెక్నాలజీకి ఆధారాలేవీ దొరకలేదని 2024లో ఆ ఆఫీసే చెప్పింది. ఇక మన వీడియోలో దండ గుచ్చినట్టు వరసగా పోయిన చుక్కలంటారా, చూస్తే ఇంటర్నెట్ కోసం వరసగా వదిలే స్టార్‌లింక్ ఉపగ్రహాల్లానే ఉన్నాయి.