చివరి డిఫెండర్ కాదు, చివరి నుంచి రెండోవాడు

డక్‌వర్త్ లూయిస్ లెక్క మీద గంటసేపు వాదించగల మనవాళ్లు ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ (పాస్ అందుకునేవాడు మరీ ముందుకెళ్లి కాపు కాయకుండా ఆపే రూల్) అనగానే "అది మనకు అర్థం కాదులే" అని వదిలేస్తారు. నాకు నిజంగా బాధేస్తుంది. రూల్ కష్టమైనది కాదు, మనకు చెప్పిన తీరే తప్పు.

అందరూ చెప్పేది ఒకటే: "గోల్‌కీపర్ కాకుండా చివరి డిఫెండర్‌ని దాటి ఉంటే ఆఫ్‌సైడ్." ఈ లెక్కలో గోల్‌కీపర్‌కి ప్రత్యేక స్థానమేమీ లేదు. గోల్ లైన్ వైపు నుంచి అవతలి జట్టువాళ్లను లెక్కపెట్టాలి. రెండోవాడి కంటే, బంతి కంటే కూడా మీరు గోల్ లైన్‌కి దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్ పొజిషన్. మామూలుగా ఆ మొదటివాడు గోల్‌కీపరే కాబట్టి తప్పు లెక్కతో కూడా పని జరిగిపోతుంది.

2022 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్ గుర్తుందా? మూడో నిమిషంలోనే ఈక్వడార్ ఆటగాడు ఎన్నర్ వాలెన్సియా గోల్ కొట్టాడు, రద్దు చేశారు. ఖతర్ డిఫెండర్ ఒకడు గోల్ దగ్గరే ఉన్నాడు కదా అని జనం మండిపడ్డారు. కానీ గోల్‌కీపర్ బంతి కోసం ముందుకు వచ్చేశాడు. గోల్ వైపు మిగిలింది ఆ ఒక్కడే, అంటే మన లెక్కలో అతనే మొదటివాడు. గోల్‌కి ముందు బంతి అందుకున్న మైకేల్ ఎస్ట్రాడా కాలు రెండోవాడిని దాటి ఉంది. నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైనదే.

ఇంకో ముఖ్యమైన సంగతి, చూడాల్సింది బంతి అందుకున్న క్షణం కాదు, తోటి ఆటగాడు పాస్ ఇచ్చిన క్షణం. అప్పుడు మీరు మైదానంలో మీ సొంత సగంలో ఉన్నా, రెండోవాడితో సమానంగా ఉన్నా ఫర్వాలేదు. ఆ "సమానం" వెసులుబాటు 1990లో వచ్చింది. బంతి బయటికి పోయాక ఆట మళ్లీ మొదలుపెట్టే త్రో-ఇన్, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు.

"ఈ రూలే తీసేస్తే పోలా, గోల్స్ ఎక్కువ పడతాయి" అనేవాళ్లతో నాకు అసలు పడదు. తీసేస్తే ఒక స్ట్రైకర్ గోల్ పక్కనే కాపు కాస్తాడు, మిగతావాళ్లు అక్కడికి బంతి విసురుతుంటారు. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డ్‌కి పనేముంటుంది?

అదే వరల్డ్ కప్‌లో అర్జెంటీనా మీద సౌదీ అరేబియా ఆట చూడండి. సౌదీ డిఫెండర్లు భయపడి గోల్ దగ్గర గుమిగూడలేదు. వరుస కట్టి, అందరూ ఒక్కసారిగా ముందుకు జరిగి అర్జెంటీనా ఆటగాళ్లను తమ వెనక ఆఫ్‌సైడ్‌లో వదిలేశారు. మొదటి సగంలోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్‌లో పోయాయి, అందులో ఒకటి మెస్సీది. ఒక్కడు ఒక్క అడుగు ఆలస్యం చేసినా ఆ వరుస కూలిపోయేది. చివరికి సౌదీ 2-1తో గెలిచింది.

ఈసారి మ్యాచ్ పెట్టినప్పుడు ఓ పది నిమిషాలు బంతిని వదిలేసి ఆ వరుసనే చూడండి.