వెలగని చార్జింగ్ లైటు గారికి

రెడ్‌హిల్స్, చెన్నై.

మహారాజశ్రీ డ్యాష్‌బోర్డు చార్జింగ్ లైటు గారి దివ్య సముఖానికి,

సూళ్లూరుపేట లారీ ఓనరు, డ్రైవరు కూడా తానే అయినవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దలు నేర్పిన పద్ధతి. కానీ తమరు క్షేమంగా లేరు. ఆ సంగతి తెలియక నేనూ క్షేమంగా లేను. అందుకని ఆ మాట వదిలేసి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

తమరు ప్రస్తుతం నా చొక్కా జేబులో ఉన్నారు. బఠాణీ గింజంత గాజు బుడ్డి. లోపలంతా లాంతరు చిమ్నీకి పట్టిన మసిలా నల్లగా ఉంది. వేలితో తడితే లోపల తెగిన తీగ వెంట్రుకలా వణుకుతోంది. పదిహేను రూపాయల ప్రాణం. తమరి కోసం నేను పెట్టిన ఖర్చు ఇరవై ఎనిమిది వేల పైచిలుకు. ఆ డబ్బుతో మా వైపు పుట్టెంట్రుకల ఫంక్షను భోజనాలతో సహా అయిపోతుంది.

తమరి ఉద్యోగం గురించి ఇరవై ఏళ్లుగా నాకు తెలిసింది ఒక్కటే. వెలిగితే చార్జింగ్ లేదు, వెలగకపోతే ఉంది. తమరు వెలగడం లేదు కాబట్టి అంతా సుభిక్షం. మార్కుల కార్డు ఇంటికి రాలేదంటే మావాడు పాసయ్యాడని సంబరపడే తండ్రిని నేను. తమరి దగ్గరా అదే లెక్క వేసుకున్నాను.

గొడవ కత్తెర ఎండల్లో మొదలైంది. నెల్లూరు వైపు వడ్లు ఎక్కించుకుని రెడ్‌హిల్స్ రైసుమిల్లుకు తోలడం నా పని. గూడూరు, నాయుడుపేట, తడ, గుమ్మిడిపూండి... హైవే మీద ఉన్నంతసేపూ బండి గుర్రమే. మిల్లు దగ్గర కాటా క్యూలోకి వచ్చేసరికి గాడిద అయిపోతుంది. క్యూ అంటే తమరు చూశారుగా. లారీ పొడుగంత జరగడం, ఇంజను ఆపడం, అరగంట కూర్చోవడం, మళ్లీ సెల్ఫ్ కొట్టడం. నాలుగో సెల్ఫ్‌కు ముసలి దున్నలా మూలిగింది. ఐదోసారి "టక్" అని ఒక్క శబ్దం, అంతే. వెనక హారన్లు. "వండి ఎడుప్పా!" (బండి తియ్యవయ్యా) అని అరవంలో అరుపులు. బస్తాలతో నిండిన లారీని తోయమని ఎవరిని అడగను, అదేమన్నా ఊరి రథమా? వెనక బండాయన్ని అన్నా, అన్నా అని బతిమాలి, ఆయన బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలించుకుని బయటపడ్డాను. మా ఊరి పక్కన శ్రీహరికోట నుంచి రాకెట్లు చంద్రుడి దాకా పోతున్నాయి. మా ఊరి లారీ కాటా ఎక్కడానికి పక్కవాడి దగ్గర కరెంటు అడుక్కుంది.

మొదటి వైద్యుడు బ్యాటరీ షాపాయన. మాది 24 వోల్టుల బండి, 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఆయన మూతలు విప్పి, రబ్బరు బుడ్డి నొక్కి యాసిడ్ పీల్చి, గాజు గొట్టాన్ని కంటి ఎత్తుకు లేపి చూశాడు. యాసిడ్ చిక్కదనం ఎంతుంటే చార్జింగ్ అంత ఉన్నట్టు. ఒక బ్యాటరీలో సెల్లులన్నీ 1.250 చూపించాయి. రెండోది 1.170 దాటలేదు. "తమ్ముడు పోయాడన్నా" అన్నాడు. ఆ తమ్ముణ్ని చంపింది మా క్లీనరే. పాటల కోసం 12 వోల్టుల ఎఫ్‌ఎం సెట్టు తెచ్చి, వైరు ఆ ఒక్క బ్యాటరీకే తగిలించాడు. ఖర్చేమో తమ్ముడొక్కడిది, తిండి మాత్రం ఇద్దరికీ ఒకే పంక్తిలో వడ్డన. తమ్ముడు ఆకలితో ఎండిపోతే, అన్నకు తిన్నది ఎక్కువై నీళ్లు తగ్గి ప్లేట్లు బయటపడ్డాయి. జతలో ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్నీ చెడగొడుతుందని రెండూ మార్పించాడు. ఇరవై నాలుగు వేలు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన చెప్పింది నిజమే. కాకపోతే ఆ నిజానికీ నా రోగానికీ సంబంధం లేదు.

మూడు వారాలు బాగానే నడిచింది. మిల్లుల్లో రద్దీ లేదు మరి. తర్వాత మళ్లీ క్యూ, మళ్లీ "టక్".

రెండో వైద్యుడు మీటరు పెట్టాడు. ఇంజను ఆపి చూస్తే 24.1. నిండా చార్జింగ్ ఉంటే 25.4 వరకైనా ఉండాలి. "సరే, స్టార్ట్ చేసి రేస్ చెయ్" అన్నాడు. కాలు గట్టిగా తొక్కాను. 28.2 చూపించింది. "డైనమో బంగారంలాగుంది" అన్నాడు. (దాని అసలు పేరు ఆల్టర్నేటరు. అయినా ఏ షెడ్డులోనూ దాన్ని డైనమో అనే పిలుస్తారు, అదీ పలుకుతుంది.) రేస్ చెయ్ అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి. తమరి గుట్టంతా అందులోనే ఉంది.

మూడో వైద్యుడిది ఇంకో రకం. ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు. "చూశావా, ఇంజను ఆగలేదు. డైనమో మంచిదే." అయ్యా, మాది పాత డీజిలు బండి. స్పార్కు ప్లగ్గు లేదు, కంప్యూటరు లేదు, డీజిలు పంపును ఇంజనే తిప్పుకుంటుంది. ఒకసారి స్టార్టయిందంటే బ్యాటరీలు విప్పి ఇంట్లో పెట్టొచ్చినా నెల్లూరు పోతుంది. ఆపాలన్నా కేబులు లాగి డీజిలు కట్ చేయాల్సిందే. అది ఆగకపోవడంలో డైనమో ఘనతేముంది? పైగా నడుస్తుండగా బ్యాటరీని తప్పిస్తే, పుట్టే కరెంటు పోయే దారి లేక వోల్టేజీ ఒక్కసారిగా ఎగుస్తుంది, డయోడ్ల మీద పడుతుంది. పడింది. డయోడు అంటే ఒకవైపే తెరుచుకునే తలుపు. అది విరిగితే రాత్రంతా బ్యాటరీ కరెంటు వెనక్కి కారుతూనే ఉంటుంది. ఒక రోగంతో వెళ్లినవాణ్ని రెండు రోగాలతో ఇంటికి పంపాడు. తెల్లారేసరికి కొత్త బ్యాటరీలు రెండూ శవాలు.

డైనమో విప్పి గోతాంలో వేసుకుని పుదుపేట పోయాను. అక్కడ పాత బండ్ల పేగులూ ఎముకలూ విడివిడిగా దొరుకుతాయి. కార్బన్లు కొత్తవి, డయోడు ప్లేటు కొత్తది, బేరింగు కొత్తది. నాలుగు వేల రెండొందలు. తెచ్చి బిగించి, బెల్టు బొటనవేలితో నొక్కి టైటు చూసుకున్నాను. హైవే మీద గుర్రం. కాటా దగ్గర?

తమరికి తెలుసు.

చివరికి నాకు దొరికినాయన పెద్ద వయసువాడు. షాపంటే ఒక టార్పాలిన్, ఒక స్టూలు, ఒక టెస్ట్ ల్యాంపు. తాతల కాలం నుంచి చెన్నైలోనే ఉన్న తెలుగు కుటుంబం. నేను కథంతా చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"స్టార్ట్ చెయ్యొద్దు నైనా. తాళం మాత్రం తిప్పు."

తిప్పాను. ఆయన కిటికీలోంచి తల లోపలికి పెట్టి డ్యాష్‌బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎర్ర లైటేదీ?"

"వెలగట్లేదు పెద్దాయనా, చార్జింగ్ బాగానే ఉందిగా."

"ఇంజనే తిరగనప్పుడు చార్జింగ్ ఎక్కడి నుంచి వస్తది నైనా?"

లారీ తోలడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు. రోజుకు పదిసార్లు తాళం తిప్పుతాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఆయన స్క్రూడ్రైవరు తీసుకెళ్లి డైనమో వెనక బేరింగు దగ్గర పెట్టాడు. అంటుకోలేదు. బ్యాటరీ నుంచి టెస్ట్ ల్యాంపు మీదుగా కరెంటు తెచ్చి, తమరి నుంచి డైనమోకు వెళ్లే సన్న వైరు కొసకు ఆనించాడు. ల్యాంపు వెలిగింది. ఈసారి స్క్రూడ్రైవరు "టప్" మని అంటుకుంది, లాగితే గానీ ఊడలేదు. సంగతి ఇదట. డైనమోలో సొంతంగా ఉండే అయస్కాంతం ఏదో మిగులూ తగులూ, పేరుకే. నిద్రలేవాలంటే దానికి పిసరంత కరెంటు బయటి నుంచి అందాలి. అందేది తమరి ద్వారానే. అది లేచి కరెంటు పుట్టించడం మొదలుపెట్టాక, తమరికి రెండు వైపులా ఒకే వోల్టేజీ వచ్చి తమరు ఆరిపోతారు. తమరు మాడిపోతే లేపేవాడు లేడు. బాగా రేస్ చేస్తే మాత్రం ఆ మిగులూ తగులూ అయస్కాంతంతోనే తనంతట తాను లేస్తుంది. అందుకే హైవే మీద చార్జింగ్, మీటరు ముందు 28.2. కాటా క్యూలో రేస్ చేసేదెవరు? స్టార్టు, పది అడుగులు, ఆపు. ప్రతి సెల్ఫూ బ్యాటరీకి ఖర్చే, జమ సున్నా.

ఇప్పుడు నా ఫిర్యాదు. తమరు చావు కబురు చెప్పే ఉద్యోగి మాత్రమే అనుకున్నాను, పొయ్యి అంటించేదీ తమరేనని ఎవరూ చెప్పలేదు. పోనీ, తమరు పోయిన కబురు తెలుసుకుందామంటే అది చెప్పాల్సిందీ తమరే. ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా పోయాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో ఫిర్యాదులు లేవు. పైవాళ్లు పాలన భేషుగ్గా ఉందని భుజాలు తట్టుకున్నారు. ఆ పైవాణ్ని నేనే కావడం వల్ల గట్టిగా తిట్టలేకపోతున్నాను.

తమరి స్థానంలో కొత్తవారు చేరారు. బల్బు పదిహేను, పెద్దాయన కూలి యాభై. ఇంకో యాభై ఇవ్వబోతే, "లైటు మార్చినందుకు వందెందుకు?" అన్నాడు. ఇప్పుడు నేను తాళం తిప్పి, ఎర్రగా కన్ను తెరిచేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొడుతున్నాను. క్లీనరు మొదటి రెండు రోజులూ నేను దండం పెట్టుకుంటున్నానేమో అనుకుని చెప్పులు విప్పాడు. వాడి ఎఫ్‌ఎం సెట్టుకు 24ను 12 చేసే కన్వర్టరు కొనిచ్చాను. పాటలు కూడా రెండు బ్యాటరీల ఖర్చులోనే.

ఉంటాను. తమరి పక్కింటి ఆయిలు లైటు గారిని అడిగానని చెప్పండి. మొన్నటిదాకా తాళం తిప్పగానే పలకరించేవారు. నిన్న పొద్దున్నుంచి కనిపించడం లేదు.

ఇట్లు,
తమరి ఓనరు